రెండు నోళ్ళ మధ్య ఒక నాలుక

మా చెల్లెలి కూతుర్ని ఇంటా బయటా అందరూ రాయబారి అని పిలిచేవారు. ముద్దుపేరట. ఆ ముద్దు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పదిహేనేళ్ళ పిల్లకి అది పేరు కాదు, ఉద్యోగం. పొద్దున కళ్ళు తెరవగానే డ్యూటీ ఎక్కేది, నిద్రలోకి జారేదాకా దిగేది కాదు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోని వాళ్ళమ్మకీ నాన్నకీ మధ్య మాటలు మోయడమే ఆ ఉద్యోగం.

నేను సిటీ బస్సులో కండక్టర్ని. నోటితో బతికే మనిషిని. 'లోపలికి జరగండి, మెట్ల మీద నిలబడకండి, చిల్లర తీసి పట్టుకోండి' అని రోజంతా అరుస్తూనే ఉంటాను. నిన్న నాతో కొట్లాడి, నా మీద డిపోలో ఫిర్యాదు చేస్తానని వేలు చూపించి దిగిపోయిన మనిషి ఇవాళ మళ్ళీ నా బస్సే ఎక్కితే, ఎక్కడికండీ అని అడగాల్సిందే, టికెట్ కొట్టాల్సిందే. అందుకే మాట్లాడకపోవడం అనే విద్య నాకు పట్టుబడలేదు. నాకు నోరెక్కువ అంటుంది మా చెల్లెలు. అననీ. నోరు మూసుకుని వాళ్ళు చేసిన నిర్వాకం ముందు నా నోరు ఎంత?

పోనీ, వాళ్ళిద్దరూ మూగవాళ్ళా అంటే కాదు. మా చెల్లెలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఫోనెత్తితే గొంతులో తేనె కారుతుంది. 'హలో, చెప్పండి... అయ్యయ్యో, దవడ వాచిందా అండీ? ఇప్పుడే వచ్చెయ్యండి, మధ్యలో పంపించేస్తాను' అంటుంది, మొహం కూడా తెలియని మనిషితో. మా మరిది, అంటే ఆవిడ మొగుడు, బజారులో చెప్పుల షాపులో పనిచేస్తాడు. చిన్న పీట మీద కూర్చుని, వచ్చినవాళ్ళ పాదం చేతిలోకి తీసుకుని, వేలు నొక్కుతోందా, మడమ దగ్గర ఒరుసుకుంటోందా అని ఎంతో ఓపికగా కనుక్కుంటాడు. ఊళ్ళో అందరి కాళ్ళ నొప్పులూ ఆయనకి తెలుసు. 'ఆయన అమ్మేది చెప్పులు, ఆవిడ అనేది చెప్పండి, ఇంటికొచ్చాక పిల్లకి మిగిలేది చెప్పు' అని వాళ్ళ పక్కవాటా టైలరు జోకేసేవాడు. జోకు బాగానే ఉంది. ఆ ఇంట్లో ఒక్క పూట కూర్చుంటే మాత్రం నవ్వు రాదు.

'మీ నాన్నకి చెప్పు, గ్యాసు అయిపోయిందని.' 'మీ అమ్మకి చెప్పు, తాళం చెవి ఎక్కడ పెట్టిందో.' 'మీ నాన్నని అడుగు, ఇంటికి వస్తాడో బయట తిని వస్తాడో.' 'మీ అమ్మకి చెప్పు, నేను తింటే ఎంత, తినకపోతే ఎంత అని.' హాలుకీ వంటింటికీ మధ్య తలుపు కూడా లేదు, ఒక కర్టెను ఉంది. కాస్త గొంతు పెంచితే చాలు, అటు అన్నది ఇటు వినపడుతుంది. అయినా గొంతు పెంచకుండా పిల్లని దగ్గరికి పిలిచి చెప్పి, అది వెళ్ళి జవాబు తెచ్చేదాకా ఆగేవాళ్ళు. పిల్ల స్కూల్లో ఉంటే ఫోనుకి మెసేజి పెట్టేవాళ్ళు. లెక్కల క్లాసులో ఉన్న పిల్లకి 'మీ నాన్నకి చెప్పు' అని మెసేజి! అది బెంచీ కింద ఫోను పెట్టుకుని నాన్నకి పంపాలి, ఆయన జవాబు మళ్ళీ అమ్మకి పంపాలి.

ఇదంతా ఎక్కడ మొదలైందో చెబితే మీకూ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. షాపు యజమాని వేరే ఊళ్ళో కొత్త కొట్టు తెరుస్తూ, నువ్వెళ్ళి చూసుకుంటావా అని మా మరిదిని అడిగాడు. ఆయన ఎగిరి గంతేశాడు. నేను నా ఉద్యోగం వదులుకుని రాను, కావాలంటే మీరే పొండి అంది మా చెల్లెలు. మాటా మాటా పెరిగింది. ఇందులో ఎవరిది తప్పని నేను తేల్చను, మొగుడూ పెళ్ళాలన్నాక సవాలక్ష ఉంటాయి. కానీ ఆయన చేసిందేమిటంటే, పక్కన కూర్చుని పెన్సిలు చెక్కుకుంటున్న పదకొండేళ్ళ పిల్లని దగ్గరికి లాగి, దాని తల మీద చెయ్యి పెట్టి, 'దీని మీద ఒట్టు, ఇక నీతో మాట్లాడితే' అన్నాడు. మా చెల్లెలు ఏమన్నా తక్కువ తిన్నదా? తనూ వచ్చి అదే తల మీద చెయ్యి వేసి, 'నాకూ అదే ఒట్టు' అంది. ఒట్టు తప్పితే ఎవరి తల మీద చెయ్యి వేశామో వాళ్ళకే కీడు అన్నది చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. మీ పంతాలకి మీ తలలు లేవా? చివరికి ఆయన ఆ కొత్త ఊరికి వెళ్ళనూ లేదు. వాళ్ళిద్దరూ ఎడమొహం పెడమొహంగా అక్కడే ఉండిపోయారు.

నేను వారానికోసారి నా సెలవు రోజున వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా ఇద్దర్నీ దులిపేసేదాన్ని. 'మొగుడూ పెళ్ళాల విషయాలు నీకెందుకక్కా' అని చెల్లెలు మూతి తిప్పేది. మరిది పేపరు అడ్డం పెట్టుకునేవాడు. గోడకి చెప్పినా కాస్త సున్నం రాలి ఉండేదేమో, వాళ్ళకి మాత్రం చెవికెక్కేది కాదు.

ఒకరోజు నేను కర్టెను పక్కనే కుర్చీ వేసుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. అటూ ఇటూ రెండూ వినపడే చోటు అది. వంటింట్లో మా చెల్లెలు పిల్లతో గొంతు తగ్గించి, 'మీ నాన్నకి చెప్పు, ఆ దగ్గు వినలేక చస్తున్నా, వెళ్ళి మందన్నా తాగమను, లేకపోతే బాల్కనీలో పడుకోమను' అంది. పిల్ల హాల్లోకి వెళ్ళింది. 'నాన్నా, అమ్మ నీ దగ్గు గురించి కంగారు పడుతోంది. మందు తాగమంది' అని చెప్పింది. మా మరిది పేపరు దించాడు. ఆయన మొహం కాస్త వెలిగింది. 'సరే తాగుతాలే అని చెప్పు. అయినా ఇన్నాళ్ళకి వినపడిందా ఆవిడకి నా దగ్గు?' అన్నాడు. పిల్ల వంటింట్లోకి వెళ్ళి, 'తాగుతానన్నాడమ్మా, నిన్ను ఇబ్బంది పెట్టినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు' అంది. మా చెల్లెలు ఆ పూట ఆయనకి వేడినీళ్ళు పెట్టించింది.

పిల్ల నా వైపు చూసింది. నాకు తెలిసిపోయిందని దానికి తెలిసింది. చెప్పొద్దన్నట్టు చిన్నగా తల అడ్డంగా ఊపింది. తర్వాత పక్కకి పిలిచి అడిగితే, 'ఉన్నదున్నట్టు చెప్తే పెద్ద గొడవవుతుంది పెద్దమ్మా. కొంచెం మార్చి చెప్తే అందరూ తిని పడుకుంటారు' అంది. అదేదో కూరలో ఉప్పు సరిచేసినంత మామూలుగా అంది.

అర్థమవుతోందా? ఆ ఇంట్లో కాపురం చేస్తున్నది మొగుడూ పెళ్ళాం కాదు. పెళ్ళాం పేరు మీద మొగుడితోనూ, మొగుడి పేరు మీద పెళ్ళాంతోనూ ఆ పిల్లే కాపురం నెట్టుకొస్తోంది. బంధువులొస్తే ఇద్దరూ విడివిడిగా, 'మా పిల్ల మా ఇంట్లో తలలో నాలుకండీ' అని మురిసిపోయేవారు. నిజమే, తలలో నాలుకే. ఆ నాలుకతో అది తన కోసం ఒక్క మాట మాట్లాడుకోగా నేను వినలేదు. ఏం తింటావే అంటే 'ఏదైనా సరే'. సినిమాకి పోదామా అంటే 'అమ్మ ఏమంటుందో, నాన్న ఏమంటాడో'. దాని ఈడు పిల్లలు చెప్పుల జత కోసం కూడా ఇల్లెగరగొడతారు. ఈ పిల్ల చెప్పుల షాపాయన కూతురై ఉండీ, ఆయన ఏది తెస్తే అది తొడుక్కుని, వేలు కొరుకుతున్నా బావుందనేది.

పదో తరగతిలోకి వచ్చాక దాని మొహం మారింది. మొహంలో ఏదో వెలితిగా ఉందని పరీక్షగా చూస్తే, కనుబొమల్లో సగం వెంట్రుకలు లేవు. ఆలోచనలో పడితే చాలు, వేళ్ళు వాటంతట అవే నుదుటి మీదికి వెళ్ళి ఒక్కొక్క వెంట్రుకా లాగేసేవి. మెసేజి వచ్చిన చప్పుడైతే చెయ్యి కనుబొమ మీదికి పోయేది. మా చెల్లెలు దాన్ని చూసి ఏమందో తెలుసా? 'పార్లరుకెళ్ళి గీయించుకొచ్చావుటే? అప్పుడే సోకులు నేర్చావే!' అంది. కన్నతల్లి! రోజుకి వందమంది దవడలు చూసి ఏ పన్ను నొప్పో పసిగట్టే మనిషి, ఇంట్లో పిల్ల కనుబొమలు చూసి పార్లరు అనుకుంది. కడుపునొప్పి అని స్కూలు మానేస్తే 'పరీక్షలు కదా, వేషాలు' అన్నాడు వాళ్ళ నాన్న. స్నేహితురాళ్ళు రావడం మానేశారు. స్కూల్లో టీచరు మాత్రం, నోట్లో నాలుక లేని పిల్ల, క్లాసులో ఇలాంటివాళ్ళు పదిమంది ఉంటే చాలు అని మెచ్చుకుందట. అల్లరి చేసే పిల్లని అందరూ పట్టించుకుంటారు. అణిగిమణిగి ఉన్న పిల్ల లోపల్లోపల అణిగిపోతుంటే దానికి బుద్ధిమంతురాలని పేరు పెడతారు. ఈ లోకం తెలివి తగలెయ్య!

ఇక అసలు సంగతి. మా చెల్లెలు పనిచేసే క్లినిక్కు డాక్టరు, ఆయన భార్య ఒక ఆదివారం టీకి వస్తామన్నారు. మా చెల్లెలికి కాలూ చెయ్యీ ఆడలేదు. సోఫాకి కొత్త కవర్లు, బీరువా మీది దుమ్ము, నాకు ఫోను చేసి సాయానికి రమ్మనడం, అబ్బో! పిల్లతో మాత్రం, 'మీ నాన్నకి చెప్పు, ఆ పూట ఎటైనా పొమ్మను. వాళ్ళ ముందు ఆ చెప్పుల గోల నాకొద్దు' అందట. పిల్ల వెళ్ళి, 'నాన్నా, ఆదివారం అమ్మ వాళ్ళ డాక్టరుగారు వస్తున్నారు' అని మొదలుపెట్టింది. ఆ మాట పూర్తి కాకుండానే ఆయన, 'నన్ను కూడా ఉండమందా?' అని అడిగాడట. 'ఉండమంది, పరిచయం చేస్తుందట' అని చెప్పేసింది పిల్ల. ఎందుకలా చెప్పావే అని తర్వాత నేనడిగితే, 'ఆయన మొహం అలా పెట్టుకుని అడిగితే పొమ్మందని ఎలా చెప్పను పెద్దమ్మా?' అంది.

ఆదివారం వాళ్ళు వచ్చి కూర్చున్నారు. మా చెల్లెలు నవ్వుతూ కబుర్లు చెబుతోంది. ఇంతలో లోపలి గదిలోంచి మా మరిది ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని, నా చేతిలోంచి టీ ట్రే తీసుకుని హాల్లోకి నడిచాడు. 'నమస్కారమండీ, నేను వాళ్ళాయన్ని' అన్నాడు. పాపం, ఎంత ఆశగా అన్నాడో. మా చెల్లెలి నవ్వు అక్కడే గడ్డకట్టింది. డాక్టరు మర్యాదస్తుడు, ఏవో రెండు మాటలు మాట్లాడాడు. మా మరిది ఉత్సాహం పట్టలేక డాక్టరు భార్య చెప్పులు చూసి, మీ పాదానికి ఇవి కాదండీ, మా షాపుకి రండి అన్నాడు. వాళ్ళు టీ గబగబా తాగేసి లేచారు.

వాళ్ళ కారు వీధి మలుపు తిరిగిందో లేదో, మా చెల్లెలు ఒంటికాలి మీద లేచింది. 'మిమ్మల్నెవరు రమ్మన్నారు?' అంది, సూటిగా ఆయన మొహంలోకి చూస్తూ. ఆయన బిత్తరపోయి, 'నువ్వే కదా ఉండమన్నావు?' అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత మొదటి మాటలు. నేను ఖాళీ కప్పులు ఎత్తుతూ, ట్రే చేతిలోనే పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిల్ల బల్ల అంచు పట్టుకుంది.

'నేనా? నేను పొమ్మన్నాను!'

'నాకు జ్వరమొస్తే మాత్ర వేసుకున్నానా అని అడగమన్నావు. అదీ అబద్ధమేనా?'

'నేనెందుకు అడుగుతాను? మీరు నా చీర బావుందన్నారట కదా?'

'నేను నీ చీర చూడనే లేదు!'

ఒక్కొక్కటే బయటికి లాగారు. దగ్గు, వేడినీళ్ళు, చీర, జ్వరం, క్షమించమన్న మాటలు, కనుక్కోమన్న కబుర్లు. నాలుగేళ్ళుగా ఒకరి నుంచి ఒకరికి అందాయనుకున్న మంచిమాటలన్నీ ఆ పిల్ల పెట్టిన భిక్షే అని తేలింది. మనుషులైతే ఏం చెయ్యాలి? సిగ్గుతో చచ్చిపోవాలి. పిల్లని దగ్గరికి తీసుకుని, ఇంతపని చేయించామా తల్లీ అని ఏడవాలి. మా మరిది ఏమన్నాడో చెప్పనా? మా చెల్లెలి వైపు తిరిగి, 'అంటే ఇన్నాళ్ళూ ఇది మనిద్దర్నీ ఆడించిందన్నమాట' అన్నాడు. 'మన నెత్తినెక్కి కూర్చుంది. అబద్ధాలకోరు' అంది మా చెల్లెలు.

మన! నాలుగేళ్ళలో వాళ్ళ నోళ్ళలో ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. మన ఇల్లు అనలేదు, మన పిల్ల అనలేదు. మీ అమ్మ, మీ నాన్న, నా గది, ఆ మనిషి. ఇప్పుడు పిల్లని అవతలికి నెట్టి తిట్టడానికి మాత్రం ఇద్దరూ కలిసి మన అయ్యారు. ఒకరి మాట మీద ఒకరు అందుకుంటూ, అచ్చం కాపురం చేసుకునే మొగుడూ పెళ్ళాల్లాగా, దాన్ని ఆడిపోసుకున్నారు. నేను ట్రే బల్ల మీద విసిరికొట్టి అరిచాను. నా అరుపులు ఎవరికీ పట్టలేదు. పిల్ల ఏడవలేదు. రెండు చేతులూ కనుబొమల మీద పెట్టుకుని, బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది.

ఆ రోజు నుంచి అది మాట్లాడటం మానేసింది. పలకరిస్తే తల ఊపేది. పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే ఉండేది. వాళ్ళిద్దరూ మళ్ళీ ఎవరి మౌనంలోకి వాళ్ళు వెళ్ళిపోయారు, ఈసారి మధ్యలో పిల్ల మౌనం కూడా చేరింది. మనసు డాక్టరుకి చూపిద్దామే అంటే, 'మా పిల్లకి పిచ్చా? రేపు దీన్ని ఎవడు చేసుకుంటాడు?' అంది మా చెల్లెలు. పదిహేనేళ్ళ పిల్ల ఈ పూట బతికి బట్టకట్టడం గురించి నేను మాట్లాడుతుంటే, ఎప్పటిదో పెళ్ళి గురించి ఈవిడ దిగులు. నేనిక వాళ్ళని అడగలేదు. డ్యూటీకి సెలవు పెట్టి, పిల్లని నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను.

ఆ డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. కనుబొమలు చూసింది, నిద్ర గురించి అడిగింది. పిల్ల తల ఊపుతూ, అడ్డంగా ఆడిస్తూ కూర్చుంది. చివరికి ఆవిడ, 'నీకేమనిపిస్తోందో చెప్పమ్మా' అంది. పిల్ల తలెత్తింది. వారాల తర్వాత నోరు తెరిచింది.

'ఎవరికి చెప్పాలండీ?'

మాట విసురుగా అనలేదు. నిజంగానే అడిగింది. ఎవరికి చేరవెయ్యాలో తెలిస్తే చెబుదామన్నట్టు అడిగింది.  డాక్టరమ్మ పిల్లతో ఒంటరిగా మాట్లాడి, వచ్చేసారి తల్లీ తండ్రీ ఇద్దరూ రావాలని నాతో గట్టిగా చెప్పింది. ఎలా తీసుకొచ్చానని అడక్కండి. క్లినిక్కుకి ఒకసారి, షాపుకి ఒకసారి వెళ్ళి, మీరు రాకపోతే ఇక్కడే అరుస్తాను అన్నాను. బస్సు కండక్టరు గొంతు అప్పుడు పనికొచ్చింది.

వచ్చారు. కుర్చీలు దూరం జరుపుకుని కూర్చున్నారు. ఇంట్లో పరిస్థితి ఎలా ఉంటుందని డాక్టరమ్మ అడగ్గానే, 'అంతా ఆ ఫోను వల్లేనండీ. ఎప్పుడు చూసినా దాని చేతిలో ఫోనే' అంది మా చెల్లెలు. 'అవునండీ, ఈ కాలం పిల్లలంతా అంతే' అన్నాడు మా మరిది. నాకు నవ్వాలో ఏడవాలో పాలుపోలేదు. ఫోను వల్లే! ఆ ఫోనుకి మెసేజీలు పెట్టిందెవరు? డాక్టరమ్మ దాన్ని పట్టించుకోకుండా, 'మీ అమ్మాయి మీకో మాట చెప్పడానికి ఒప్పుకుంది, వినండి' అంది.

పిల్ల నేలకేసి చూస్తూ మాట్లాడింది. 'నా మీద ఒట్టేసుకున్నారు కదా మీరు. మాట్లాడుకుంటే నాకేదో అవుతుందని. అందుకే మాట్లాడుకోవట్లేదు అనుకున్నాను. నేనంటే ఇష్టమనే అనుకున్నాను. అందుకే ఎన్ని మాటలైనా మోశాను. ఆ రోజు మాట్లాడేసుకున్నారు. నన్ను తిట్టడానికి. నాకేమైనా ఫర్వాలేదనుకున్నారు కదా?'

నాలుగేళ్ళు ఆ బుర్రలో ఈ లెక్క నడిచిందా? ఆ పంతాన్ని ప్రేమ అనుకుని బతికిందా ఈ పిచ్చితల్లి? ఇప్పటికైనా ఎవరో ఒకరు లేచి దాని చెయ్యి పట్టుకుంటారని చూశాను.

'ముందు ఒట్టేసింది మీ నాన్న. ఎందుకేశాడో అడుగు' అంది మా చెల్లెలు, పిల్లతో.

'మీ అమ్మని కూడా వెయ్యమని నేనేమైనా బతిమాలానా? అది కూడా అడుగు' అన్నాడు మా మరిది, పిల్లతోనే.

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. 'ఆవిడ మీ పక్కనే ఉన్నారు. ఆవిడనే అడగండి' అంది. ఇద్దరూ కిటికీలోకి చూశారు. అంతే, నేను లేచాను. ఆసుపత్రి అని కూడా చూడలేదు. 'మీకు పిల్లెందుకు? ఒక మైకు కొనుక్కోండి' అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాస్తే బాగుండదు. కొన్నాళ్ళు పిల్ల నా దగ్గర ఉంటుందని చెప్పాను. అదే మంచిదంది డాక్టరమ్మ. పిల్లతో మాట్లాడాలంటే వచ్చి పిల్లతోనే మాట్లాడాలి, ఎవరి కబురూ దాని చేత మోయించకూడదు అని వాళ్ళకి ఆవిడే స్పష్టంగా చెప్పింది.

డిపో వెనక మేడ మీద ఒక గది, వంటిల్లు, ఇదీ నా ఇల్లు. మొదటి రోజుల్లో పిల్ల పొద్దున లేచి మంచం మీద కూర్చుని, 'పెద్దమ్మా, ఎవరికైనా ఏమైనా చెప్పాలా?' అని అడిగేది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదే, మొహం కడుక్కో అనేదాన్ని. ఏం చెయ్యాలో తోచక గదిలో అటూ ఇటూ తిరిగేది. ఆసుపత్రికి మాత్రం మానకుండా తీసుకెళ్ళేదాన్ని. కొన్ని వారాలకి డిపోలో బస్సుల హారన్లు భరించలేనంది. నా గురక కూడా భరించలేనంది. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ గురకని తిట్టవే, ఇంకో రెండు తిట్టు అనిపించింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ వచ్చారు. ఒకే మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో చెరో పక్క నిలబడ్డారు.

'వదినా, దాన్ని ఇంటికి రమ్మని చెప్పండి' అన్నాడు మా మరిది.

'అక్కా, నువ్వే నచ్చజెప్పు. ఇంట్లో తోచట్లేదు' అంది మా చెల్లెలు.

తోచట్లేదట! ఎందుకు తోస్తుంది? అటు మాట ఇటు చేర్చే దిక్కు లేదు కదా. 'ఎదురుగానే కూర్చుని ఉంది. మీ నోళ్ళు పడిపోయాయా?' అన్నాను. మా చెల్లెలు గొంతు సవరించుకుంది. పిల్లని చూసి, 'మీ నాన్న నిన్ను రమ్మంటున్నాడే' అంది.

పిల్ల చేతిలో పుస్తకం మూసింది. 'నేను రాను' అంది.

'ఎవరు నేర్పారే నీకీ మాట? మీ పెద్దమ్మేనా?'

'ఎవరూ నేర్పలేదు. ఎవరూ చెప్పి పంపలేదు. నేనే అంటున్నాను. నాకు మీ ఇద్దరి మీదా కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. ఇప్పుడు రాను.' మాట తడబడలేదు. ఒక్క ముక్క కూడా మార్చలేదు, మెత్తబరచలేదు. మా చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. నాకు జాలి వేయలేదు, వేసిందని అబద్ధం చెప్పను.

వాళ్ళు మెట్లు దిగడం మొదలుపెట్టారు. సగం దిగారో లేదో మా చెల్లెలి గొంతు లేచింది. 'అంతా మీ వల్లే! పిల్ల మొహం చూశారా?' దాని మీద మా మరిది గొంతు. 'నా వల్లా? నువ్వు ఒక్కనాడైనా నాతో నోరు విప్పావా?' మేడ మొత్తం వినపడేలా, మధ్యలో ఎవరూ లేకుండా, నేరుగా ఒకరి మొహాన ఒకరు అరుచుకుంటున్నారు. కింది వాటా వాళ్ళు కిటికీలు తెరుస్తున్నారు.

పిల్ల దిగ్గున లేచింది. కాళ్ళు వాటంతట అవే గుమ్మం దాకా పరిగెత్తాయి. ఒక మెట్టు దిగింది కూడా. నేను వద్దని అనలేదు, రమ్మనీ అనలేదు, చూస్తూ నిలబడ్డాను. అది గోడకి చెయ్యి ఆనించి, ఆ అరుపులు వింటూ కాసేపు నిలబడింది. తర్వాత వెనక్కి వచ్చి తలుపు వేసి గడియ పెట్టింది.

'వాళ్ళే చెప్పుకోనీ పెద్దమ్మా' అంది.